నీళ్ళు తగ్గాక అమ్మ గడప దొరికింది. మీ లేని ఊళ్ళ గురించి చెప్పండి

తుంగభద్ర_ఒడ్డు

మా అమ్మ పుట్టిన ఊరు శ్రీశైలం ప్రాజెక్టు నీళ్ళ కింద ఉంది. 1981లో ఖాళీ చేయించారు, అప్పటికి అమ్మకి పదహారేళ్ళు. ఈసారి ఎండలకి నీళ్ళు బాగా వెనక్కి పోయాయని తెలిసి ఆమెను తీసుకెళ్ళాను. సంగమేశ్వరం గుడి బయటపడిందని జనం బాగానే వస్తున్నారు, వేపమొద్దు లింగానికి దండం పెట్టుకుని ఫొటోలు దిగి వెళ్తున్నారు. మా ఊరు అక్కడికి కొంచెం ఎగువన. అటు ఎవరూ రారు, వచ్చినా చూడటానికి ఏమీ లేదు. నెర్రెలిచ్చిన ఒండ్రు, రాళ్ళ కుప్పలు, పగిలిన రోలు ఒకటి.

నాకు అంతా ఒకేలా కనిపించింది. అమ్మ మాత్రం చెప్పులు చేత్తో పట్టుకుని "ఇది చావిడి, ఇది శెట్టి అంగడి, ఇక్కడ సందు తిరగాల" అనుకుంటూ నాకంటే ముందు పోతోంది. ఒక బండ దగ్గర ఆగింది. దానికి తలుపు తిరిగే గుంట ఉంది. మా తాత ఇంటి గడప అట. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. గడప లోపలికి నాలుగడుగులు వేసి "ఇక్కడ జొన్నల పాతర ఉండేది, ఆ హడావిడిలో నాయన జొన్నలన్నీ తీసినాడో లేదో" అంది. చెప్పడానికి తాత లేడు, మేనమామా లేడు. ఇంటికొచ్చే దారంతా అదే మాట.

నా బాధ ఏమిటంటే, గుళ్ళను రాయిరాయికీ నంబరు వేసి విప్పి వేరేచోట మళ్ళీ కట్టారు. కూడవెల్లి గుడి ఆలంపురంలో ఉంది, రూపాల సంగమేశ్వరుడు కర్నూలు జగన్నాథగట్టు మీద ఉన్నాడు. సంతోషమే. మా వీధికి మాత్రం ఒక్క కాగితం లేదు. అమ్మ పోతే ఆ బండ ఎవరిదో చెప్పేవాళ్ళు ఉండరు. మీలో ఎవరైనా ఇలాంటి ఊరి వివరాలు రాసి పెట్టుకున్నారా? ఎక్కడ మొదలుపెట్టాలి?

గట్టుమీది_వేప

మాది జటప్రోలు వైపు. అక్కడా గుళ్ళు గట్టెక్కాయి.

మా నాన్న 98 జీవో (శ్రీశైలం మునకవాళ్ళకి ఉద్యోగాలిచ్చే ఉత్తర్వు) కింద ఉద్యోగం వస్తుందని 1986 నుంచి ఫైలు పట్టుకుని తిరిగాడు, తిరిగి తిరిగి వయసు దాటిపోయింది. ఉద్యోగం రాలేదు కానీ ఆ ఫైలు మిగిలింది. అందులో పాత ఇంటి నంబరు, సర్వే నంబర్లు, పరిహారం లెక్క అన్నీ ఉన్నాయి. ఇంటికి ఎన్ని దూలాలు, ఎన్ని తలుపులు, గోడ మట్టిదా రాయిదా అని కూడా రాసి ఉంది. నేను చూడని మా ఇల్లు ఎలా ఉండేదో నాకు ఆ కాగితమే చెప్పింది. మీ ఇంట్లో కూడా ట్రంకుపెట్టె అడుగున అలాంటిది ఉంటుంది, ముందు అది వెతకండి.

రికార్డుగది

నేను రెవెన్యూలో ముప్ఫై ఏళ్ళు చేసి రిటైరయ్యాను. ఊళ్ళ జాబితాల్లో కొన్ని పేర్ల పక్కన "బేచిరాక్" అని ఉంటుంది. కొత్తగా చేరినప్పుడు అదేదో ఊరి తోకపేరు అనుకున్నాను. పాత సిరస్తాదారు ఒకాయన చెప్పాడు, అది పారసీ మాట, చిరాగ్ అంటే దీపం, బేచిరాగ్ అంటే దీపం లేనిది. దీపం పెట్టే మనిషి లేని ఊరు అన్నమాట. ఆ ఊరికి హద్దులుంటాయి, నక్షా అంటే పటం ఉంటుంది, సర్వే నంబర్లుంటాయి, పొలాలు పక్క ఊరివాళ్ళు దున్నుతుంటారు. మనుషులే ఉండరు. ఇప్పటికీ పాస్ పుస్తకంలో ఆ ఊరి పేరే వస్తుంది.

ఎందుకు ఖాళీ అయ్యాయంటే ఒక్కో ఊరికి ఒక్కో కథ. కలరా, ప్లేగు, దోపిడీలు, చెరువు తెగి మళ్ళీ కట్టకపోవడం. కరువులైతే చెప్పనక్కర్లేదు. 1832-33లో నందన నామ సంవత్సరం కరువు వచ్చింది, డొక్కల కరువు అంటారు, గుంటూరు ప్రాంతంలో లక్షకు పైగా జనం పోయారు. మెకంజీ దొర కాలంలో రాయించిన కైఫీయతులు, అంటే ఊళ్ళ చరిత్రలు చదివితే "గ్రామం ఖిలపడి" అనే మాట తగులుతూనే ఉంటుంది. ఖిలపడటం అంటే పాడుబడటం. మళ్ళీ ఎవరో కౌలు ఇస్తే కొత్త జనం వచ్చి చేరేవాళ్ళు, ఊరు లేచేది.

కాబట్టి తుంగభద్ర_ఒడ్డు గారూ, మీది తలకిందుల కేసు. బేచిరాక్ ఊళ్ళో జనం పోయి పేరు మిగిలింది. మీకు జనం మిగిలారు, పేరే పోతోంది.

సగం_పల్లె

"బేచిరాక్" మా నాయనమ్మ తిట్టు! "నీ ఇల్లు బేచిరాకైపోను" అనేది కోపం వస్తే. దాని అర్థం ఇంత ఘోరమని ఇవాళే తెలిసింది.

పాటిదిబ్బ

నా పేరు చూశారుగా. మా పొలం పక్కన ఎత్తుగా ఒక దిబ్బ ఉండేది, దాన్ని పాటిమీద అంటాం. ఎప్పటిదో పాత ఊరు. అక్కడి మన్ను పంటకి మంచి బలం అని మా తాతల కాలం నుంచి ఎండాకాలం బండ్లు కట్టుకుని తవ్వి పొలాలకి తోలేవాళ్ళు, పాటిమన్ను అని. వందల ఏళ్ళ బూడిద, పేడ, ఎముకలు, కూలిన గోడలు అన్నీ కలిసిన మన్ను కదా, బలం ఉండక ఏమవుతుంది. తవ్వుతుంటే పెంకులు, పూసలు, ఒకసారి చిన్న మట్టి ఎద్దుబొమ్మ దొరికాయి. బొమ్మతో నేనే ఆడుకున్నాను, ఎక్కడ పోగొట్టానో గుర్తులేదు. ఇప్పుడు తలుచుకుంటే కడుపులో ఎలాగో ఉంటుంది, అంతకుముందు దాంతో ఆడుకున్న పిల్లోడు ఎవడో.

ఇప్పుడు దిబ్బ లేదు. ట్రాక్టర్లు వచ్చాక రెండేళ్ళలో చదును. ఒక ఊరు మొత్తాన్ని మేం మిరపతోటలకి ఎరువుగా వేసి తిన్నాం.

కొత్తబండి

ఊరి పేరు చివర "పాడు" ఉంటే అది ఒకప్పుడు పాడుబడిన ఊరు అని విన్నాను, నిజమేనా?

రికార్డుగది

కాదు. ఊరి పేర్లలో పాడు అంటే ఊరే. పెదనందిపాడు, ప్రత్తిపాడు నిక్షేపంగా ఉన్నాయి కదా. పాడుబడటం వేరు. కానీ ఇంటిపేర్లు చూడండి, అక్కడ దొరుకుతాయి మీరు వెతికేవి. మన ఇంటిపేర్లలో చాలావరకు ఊళ్ళ పేర్లే. కొన్ని ఇంటిపేర్ల ఊరు ఏ మ్యాపులోనూ ఉండదు. ఊరు పోయింది, దాన్ని వదిలి వచ్చినవాళ్ళు పేరుని మోసుకు తిరుగుతున్నారు.

ఉప్పుగాలి

ఉప్పాడ. మాకు ప్రాజెక్టు అక్కర్లేదు, సముద్రమే తీసుకుంటోంది. ఒక్కసారిగా కాదు, వీధి తర్వాత వీధి. మా తాత పుట్టిన ఇల్లు ఎక్కడ అంటే నాన్న కెరటాల వైపు చెయ్యి చూపిస్తాడు. నేను ఆడుకున్న గుడి ముందర ఇప్పుడు పడవ తేలుతుంది. రాళ్ళు వేస్తారు, గోడ కడతారు, తుపాను వచ్చి తీసుకుపోతుంది. మీ అమ్మగారు అదృష్టవంతురాలు అనను కానీ ఆమెకి ఏడాదికోసారైనా నీళ్ళు తగ్గుతాయి. మాకు తగ్గవు.

గేరి_బిడ్డ

అందరూ బాగా రాస్తున్నారు, చదువుతుంటే నాకూ గొంతు పట్టుకుంది. కానీ ఒక మాట అనాలి.

మా నాన్నదీ శ్రీశైలం మునకే. ఆ ఊళ్ళో మా వాళ్ళు చావిడి ముందు చెప్పులు వేసుకుని నడవలేదు. ఊరి బావిలో చేద వేయలేదు, ఎవరైనా వచ్చి పోస్తే బిందె పట్టుకోవాలి. ఊరు మునిగిందని నాన్నని అడిగితే "నీళ్ళు అందరిండ్లూ ఒకే మాదిరి ముంచినాయి, అదొక్కటే ఆ ఊళ్ళో నేను చూసిన సమానం" అంటాడు. భూమి ఉన్నవాళ్ళకి భూమికి పరిహారం వచ్చింది. కూలోళ్ళకి గుడిసెకి ఇచ్చిందే. కూలి ఇచ్చే పొలమే మునిగితే ఆ కూలికి లెక్క కట్టినవాళ్ళు లేరు. కాబట్టి ఊరిని గుర్తు పెట్టుకోవడం అంటే అందరికీ ఒకటే తీపి కాదు.

చెరువుకట్ట

గేరి_బిడ్డ, మీరు చెప్పింది నిజమే కానీ ఇక్కడ ఒకాయన అమ్మ గురించి రాసుకుంటే ప్రతిదాంట్లోకీ కులం తేవాలా?

గేరి_బిడ్డ

నేను తేలేదు అన్నా. ఊరు కట్టినప్పుడే ఉంది. ఆయన అమ్మ గడప ఊళ్ళో ఉంది, మా నాన్న గడప ఊరి బయట ఉంది, రెండూ మునిగాయి. ఒకటి రాసి ఒకటి వదిలేస్తే అది ఊరు ఎట్లా అవుతుంది?

తుంగభద్ర_ఒడ్డు

చెరువుకట్ట గారూ, నాకేం బాధ లేదు, చెప్పనివ్వండి. నేను అడిగిందే ఊరంతా ఎలా రాయాలి అని.

నీళ్ళబిందె

నేను గేరి_బిడ్డ వైపు. మాది అనంతపురం జిల్లాలో చిన్న పల్లె, ఇంకా ఉంది, మునగలేదు, కానీ ఎవరైనా "ఆ రోజులు ఎంత బాగుండేవి" అంటే నాకు మెడ నొప్పి గుర్తొస్తుంది. పదేళ్ళప్పటి నుంచి పెళ్ళయ్యేదాకా రోజుకి ఆరు బిందెలు, ఎండాకాలం దూరపు బావి నుంచి. మా అక్కకి కాన్పు కష్టమైతే రాత్రంతా ఎద్దులబండి మీద తీసుకెళ్ళారు. బిడ్డ దక్కలేదు. అవి కూడా రాయండి. మంచి ఒక్కటే రాస్తే మా అక్క ఆ ఊళ్ళో లేనట్టే.

అయినా ఆ బావి గట్టు మీద ఆడవాళ్ళం చెప్పుకున్న మాటలు మళ్ళీ ఎక్కడా చెప్పుకోలేదు. అదీ నిజమే.

వేములఘాట్_యాది

మాది మల్లన్నసాగర్. మా ముంపు పాతది కాదు, నిన్న మొన్నటిది. 2016 నుంచి దీక్షలు చేశాం, 2022 ఫిబ్రవరిలో రిజర్వాయర్ ప్రారంభమైంది. 50 టీఎంసీలు. ఎవరికైనా నీళ్ళు అందితే మంచిదే, నీళ్ళ విలువ మాకు తెలియక కాదు.

గజ్వేల్ దగ్గర కాలనీలో ఇల్లు ఉంది. రోడ్లున్నాయి, కరెంటుంది. కానీ ప్లాట్లు నంబర్ల లెక్కన వచ్చాయి కాబట్టి మా పక్కింటివాళ్ళు ఇప్పుడు నాలుగు వీధుల అవతల. ఊళ్ళో ఉన్నప్పుడు మా అవ్వ పొద్దున లేవగానే గోడ మీదుగా పక్కింటామెను కేకేసేది, ఆమె తిరిగి కేకేసేది. అంతే, పనేమీ లేదు, లేచావా అంటే లేచా అని. కాలనీకి వచ్చాక మొదటి నెలంతా అవ్వ పొద్దున్నే గోడ దగ్గరికి పోయి నిలబడి తిరిగొచ్చేది. మా వీధి దగ్గర్లో చెరువు లేదు, బతుకమ్మ ఎక్కడ వేయాలో మొదటి ఏడు ఎవరికీ తెలియలేదు. ఎనిమిది ఊళ్ళు ఒక్కచోట చేరితే పెద్ద ఊరు అవుతుందనుకున్నాం. ఎనిమిది ఊళ్ళవాళ్ళు ఉన్న కాలనీ అయింది.

నా వయసువాళ్ళకి ఫోన్లున్నాయి కాబట్టి ఊరి వీడియోలున్నాయి. చివరి వారం అందరం తీశాం. ఏం లాభం, అందరం కూల్చిన ఇళ్ళే తీశాం. మామూలు రోజు ఒక్కటి తీసుకోలేదు.

సగం_పల్లె

"మామూలు రోజు ఒక్కటి తీసుకోలేదు". ఇది చదివి మా అమ్మ పెరట్లో గిన్నెలు తోముతుంటే వీడియో తీశాను. ఏంట్రా పిచ్చోడా అని తిట్టింది. ఆ తిట్టు కూడా వచ్చింది వీడియోలో.

పాటిదిబ్బ

సగం_పల్లె, ఆ తిట్టు ట్రిమ్ చేయకు, దాచిపెట్టు.

జీలుగు_నీడ

పోలవరం ముంపు, గోదావరి ఒడ్డు, కొండరెడ్ల ఊరు. మా దగ్గర ఇళ్ళ కంటే చెట్లు ముఖ్యం. ఇల్లు ఏ కొండవాలులోనైనా కట్టుకుంటాం. జీలుగు చెట్టు కల్లుకి రావాలంటే ఏళ్ళు పడుతుంది, తాత చూసుకున్న చెట్టు మనవడికి అన్నం పెడుతుంది. ఏ చెట్టు ఎవరిదో ఊరందరికీ తెలుసు, కాగితం ఉండదు. మమ్మల్ని దూరంగా కాలనీకి మార్చారు. 2022 జూలైలో భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటి వరద వచ్చినప్పుడు మిగిలిన ఇళ్ళూ పోయాయి. చెట్లు కొన్ని నిలబడ్డాయి. మా మామ వరద తీశాక పడవ కట్టించుకుని వెళ్ళి చెట్లు చూసొచ్చాడు. ఇల్లు చూడలేదా అంటే "ఇల్లు ఏముంది చూడటానికి" అన్నాడు.

మా ఊరి మ్యాపు గీయాలంటే చెట్ల మ్యాపు గీయాలి. ఇది ఎవరికైనా అర్థమవుతుందా అని నా అనుమానం.

తుంగభద్ర_ఒడ్డు

బాగా అర్థమైంది. మా అమ్మ కూడా పాతర గురించి అడిగింది కానీ ఇంటి గురించి అడగలేదు.

పద్నాలుగిళ్ళు

మీ ఊళ్ళకి కనీసం ఒక తేదీ ఉంది, ఫలానా రోజు పోయింది అని. మాది రోజూ కొంచెం కొంచెం పోతోంది కాబట్టి ఎవరూ చూడరు. మెట్ట ఊరు, బోర్లు ఎండిపోయాయి. మొదట మగవాళ్ళు వలస పోయారు, తర్వాత కుటుంబాలు, తర్వాత పిల్లలు లేక బడి మూతపడింది. బడి మూతపడ్డాక పిల్లలున్న మిగతావాళ్ళు కూడా కదిలారు. బస్సు ఆగింది. పోయిన సంక్రాంతికి వెళ్ళినప్పుడు మిద్దె ఎక్కి లెక్కపెట్టాను, రాత్రి పద్నాలుగిళ్ళలో లైటు వెలిగింది. పెద్దాయన పైన చెప్పిన బేచిరాక్ మాట చదివినప్పటి నుంచి అదే కళ్ళముందు తిరుగుతోంది. దీపాలు లెక్కపెడుతున్నానని నాకు తెలియకుండానే లెక్కపెట్టాను.

శవాన్ని మోయడానికి నలుగురు లేక ట్రాక్టర్ మీద తీసుకెళ్ళాం మొన్న. మా పెదనాన్నే.

నీళ్ళబిందె

పద్నాలుగిళ్ళు గారూ, ఆ ఇళ్ళవాళ్ళ పేర్లు ఈ రాత్రే రాసి పెట్టండి.

రికార్డుగది

నాకు తెలిసినంతలో చెబుతాను, ఎవరికి ఏది పనికొస్తే అది తీసుకోండి. తెలంగాణ వైపు వాళ్ళు 1954-55 ఖాస్రా పహాణీ కాపీ అడగండి, ఏ సర్వే నంబరు ఎవరు దున్నుతున్నారో అందులో పేర్లతో ఉంటుంది. నక్షా, టిప్పన్ (చేను కొలతల పటం) కూడా అడగండి. ఆంధ్ర, సీమ వైపు అయితే గ్రామ నక్షా, ఎఫ్ఎంబీ (చేల కొలతల పుస్తకం), అడంగల్ (ఏ చేను ఎవరు సాగు చేస్తున్నారో రాసే లెక్క). మునిగిన ఊళ్ళకి కూడా నక్షా ఉంటుంది, సర్వే రికార్డు నీళ్ళలో మునగదు. 1961 జనాభా లెక్కలప్పుడు మన రాష్ట్రంలో కొన్ని ఊళ్ళను ఎంచుకుని ఊరికో పుస్తకం వేశారు, ఇళ్ళు, బట్టలు, పండుగలు, అప్పులు అన్నీ ఉంటాయి. మీ ఊరో పక్క ఊరో అందులో ఉంటే అదృష్టమే. సర్వే ఆఫ్ ఇండియా పాత మ్యాపుల్లో బావులు, గుళ్ళు, కాలిబాటలు దొరుకుతాయి.

అయితే ఒకటి. కరణాల వ్యవస్థ 1984లో రద్దయినప్పుడు చాలా ఊళ్ళ దస్త్రాలు సంచుల్లో చెల్లాచెదురయ్యాయి. కరణం ఇంటివాళ్ళ అటక మీద ఏమైనా మిగిలిందేమో మంచిగా అడగండి.

ఇక కాగితంలో ఏ నాడూ ఉండనివి చేల పేర్లు. సర్వే నంబరు 112 అని ఉంటుంది, ఊళ్ళోవాళ్ళు "దయ్యాలచేను" అంటారు. అది మనిషే చెప్పాలి.

వేములఘాట్_యాది

మాకు "గుండ్లకాడ", "ఎర్రమట్టి", "ముసలమ్మ మడి" ఉన్నాయి. ముసలమ్మ ఎవరో మా అవ్వకి కూడా తెలియదు.

తుంగభద్ర_ఒడ్డు

పది రోజులైంది ఇటు రాక. అమ్మతో మ్యాపు గీయిద్దామని తెల్ల కాగితం, స్కెచ్ పెన్నులు ఇచ్చాను. పెన్ను పట్టుకుని కూర్చుంది, ఒక్క గీత రాలేదు, టెన్షన్ పడింది. మర్నాడు పొద్దున వాకిట్లో ముగ్గు వేస్తూ నన్ను పిలిచింది. ముగ్గుపిండితో ఊరు గీసేసింది! బొడ్రాయి చుక్క పెట్టి అక్కడి నుంచి నాలుగు వీధులు, చావిడి, బావి, రామాలయం, ఏటి గట్టు, పుట్టి కట్టే రాయి, కళ్ళాలు, ఎవరి వాము ఎక్కడ, అన్నీ చకచకా. నేను మిద్దె ఎక్కి ఫొటో తీశాను. నలభై ఒక్క ఇళ్ళకి పేర్లు చెప్పింది. నేను రాసుకునేలోపు కోళ్ళు సగం తొక్కాయి కానీ ఫొటో ఉంది, ఇక్కడ పెట్టాను చూడండి.

ఉప్పుగాలి

చూశాను. నిజంగా బాగుంది. మా నాన్నతో ఇసుకలో గీయించాలి, పేపర్ మీద నేనూ ఓడిపోయాను.

పాటిదిబ్బ

పుట్టి కట్టే రాయి దాకా గుర్తుందంటే అమ్మగారికి దండం.

గేరి_బిడ్డ

ఫొటో పెద్దది చేసి చూశాను. కళ్ళాలు దాటాక దక్షిణం వైపు ఏమీ లేదు, ఖాళీ. అక్కడ గేరి, అంటే మావాళ్ళ వాడ ఉండాలి కదా? లేక మీ ఊళ్ళో మావాళ్ళు లేరా?

తుంగభద్ర_ఒడ్డు

మీరు అడిగాక నేనూ చూశాను. సిగ్గుగా ఉంది, ముందు నాకు తట్టలేదు. అమ్మని అడిగితే "ఉండిరి, నలభై యాభై ఇండ్లు. ఆపక్క నేనెప్పుడూ పోలేదు నాయనా, పోనిచ్చేవాళ్ళు కాదు" అంది. పదహారేళ్ళు ఉన్న ఊళ్ళో సగం ఊరు ఆమె చూడలేదు. కొందరి పేర్లు తెలుసు, ఇళ్ళు తెలియవు. మీకు మెసేజ్ పెట్టాను, ఊరి పేరు రాశాను.

చెరువుకట్ట

గేరి_బిడ్డ తమ్ముడూ, ముందు నేను అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఆ ఖాళీ చూశాక అర్థమైంది.

గేరి_బిడ్డ

మెసేజ్ చూశా. మా నాన్నది అదే ఊరు కాదు, రెండు మైళ్ళు కిందికి. కానీ మా మేనత్తని ఆ ఊరికే ఇచ్చారు. ఆమె లేదు, ఆమె మరిది ఉన్నాడు, ఎనభై దాటింది, మాట బాగుంది. వచ్చే ఆదివారం పోదాం, అమ్మగారిని కూడా తీసుకురండి.

జీలుగు_నీడ

ఏమైందో తప్పకుండా రాయండి. రోజూ వచ్చి చూస్తున్నా.

సగం_పల్లె

నేనూ.

వేములఘాట్_యాది

ఈలోపు మా కబురు. కాలనీలో బొడ్రాయి వేద్దామని అనుకుంటున్నారు. బొడ్రాయి పండుగ అంటే ఊరి ఆడబిడ్డలందరినీ పిలవాలి కదా, లిస్టు రాయడం మొదలుపెట్టారు. ఎవరి కూతురు ఏ ఊరికి ఇచ్చారు, ఫోన్ నంబరు ఏంటి అని. మూడు తరాల ఆడబిడ్డల పేర్లు వచ్చాయి, అది చూస్తే ఊరి చరిత్ర రాసినట్టే ఉంది. కానీ ఎనిమిది ఊళ్ళకి ఒక్క బొడ్రాయా, ఎనిమిదా అని గొడవ ఇంకా తేలలేదు. మా అవ్వ ఎనిమిది అంటోంది.

పద్నాలుగిళ్ళు

పేర్లు రాశాను. ఇరవై ఆరు మంది. ఇందులో అరవై లోపు వయసువాళ్ళు నలుగురు.

తుంగభద్ర_ఒడ్డు

ఆదివారం వెళ్ళొచ్చాం. పెద్దాయన కాలనీ చివరింట్లో నులకమంచం మీద ఉన్నాడు. అమ్మ పేరు చెప్పి ఫలానావాళ్ళ కూతురు అనగానే లేవబోయాడు. అమ్మ ఆయన రెండు చేతులూ పట్టుకుని కూర్చోబెట్టింది, తనూ పక్కనే మంచం మీద కూర్చుంది. కాసేపు ఇద్దరికీ మాట రాలేదు.

తర్వాత చెప్పడం మొదలుపెడితే ఆపలేదు. గేరిలో ఇళ్ళు, చింతచెట్టు, వాళ్ళ ఊటబావి, ఎండాకాలం ఏట్లో చెలమలు తీసే చోటు, పెద్దమ్మ గుడి. అమ్మ గీసిన కళ్ళాల దగ్గర ఆయన మ్యాపు మొదలైంది. ఆమె చెప్పిన పేర్లు ఆయనకి తెలుసు, ప్రతి ఇంటి పెరడూ తెలుసు, ఎందుకంటే పనికి పోయేది పెరటి వైపు నుంచే. ఆమెకి వీధి వైపు గుర్తుంది, ఆయనకి వెనక వైపు.

వచ్చేముందు అమ్మ పాతర సంగతి అడిగింది. నేను అడుగుతుందనుకోలేదు. ఆయన నవ్వాడు. "తీసింది మేమే కదమ్మా. నేను, మా అన్న. రెండు దినాలు పట్టె. పైవి మీ నాయన బండ్లకెక్కించుకునె. అడుగువి చెమ్మ తగిలి బూజు పట్టింటే అవి మాకు ఇచ్చె. ఎండబెట్టుకుని తింటిమి."

కోపంగా అనలేదు, జరిగింది చెప్పినట్టే చెప్పాడు. అమ్మ ఏమీ మాట్లాడలేదు. తిరిగి వచ్చేటప్పుడు కూడా మాట్లాడలేదు. ఇవాళ పొద్దున మళ్ళీ ముగ్గుపిండి డబ్బా తీసింది. ఈసారి కళ్ళాల వైపు నుంచి మొదలుపెట్టింది, మధ్యమధ్యలో ఆపి "ఊటబావికి చింతచెట్టు ఏపక్క అన్నాడు?" అని నన్ను అడుగుతోంది. నేను సరిగ్గా రాసుకోలేదు.

గేరి_బిడ్డ

బావికి తూర్పున. ఇప్పుడే పెద్దాయనకి ఫోన్ చేసి అడిగా. చెట్టు కింద ఒక పెద్ద బండ కూడా ఉండేదట, అది గీయమన్నాడు, దాని మీదే ఆయన పెళ్ళి పంచాయితీ జరిగిందట. ఫొటో తీయగానే పెట్టండి, ఆయనకి చూపించాలి.